మూ పింగ్ ఇంట్లో చేయాలంటే ఏ ముక్క కొనాలి, ఏ సెగ మీద కాల్చాలి?

బ్యాంకాక్‌లో పొద్దున్నే ఆఫీసులకు పరిగెత్తే జనం స్కైట్రైన్ స్టేషన్ మెట్ల కింద ఆగి కొనుక్కునే టిఫిన్లలో మూ పింగ్ ఒకటి. పంది మాంసాన్ని పలచగా కోసి, వెల్లుల్లి, తెల్ల మిరియాలు, కొత్తిమీర వేర్లు దంచిన ముద్దలో ఊరబెట్టి, వెదురు పుల్లలకు గుచ్చుతారు. కొబ్బరి పాలు పూస్తూ బొగ్గుల మీద కాలుస్తారు. పక్కన చిన్న ప్లాస్టిక్ సంచిలో వేడివేడి బంక అన్నం కట్టిస్తారు. పుల్ల ఒక్కటి పది బాత్‌లకు అటూ ఇటూగా దొరికే ఈ తిండి, బ్యాంకాక్ వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామందికి హోటల్ భోజనాల కన్నా బాగా గుర్తుండిపోతుంది.

ఇంట్లో చేద్దామని మొదలుపెడితే అసలు వంట కన్నా ముందే చిక్కులు వస్తాయి. దుకాణంలో ఏ భాగం అడగాలి? బొగ్గులు లేకపోతే ఎయిర్ ఫ్రయర్ సరిపోతుందా? కొబ్బరి పాలు పోయాలా, మామూలు పాలా? థాయ్ తాటి బెల్లం దొరక్కపోతే మన బెల్లం వేయొచ్చా?

నా మాట ముందే చెప్పేస్తాను. మంట కన్నా ముక్క ముఖ్యం. కొవ్వు సరిగ్గా ఉన్న ముక్క దొరికితే ఎయిర్ ఫ్రయర్‌లో కూడా మంచి మూ పింగ్ వస్తుంది. కొవ్వు లేని ముక్కను ఎంత మంచి నిప్పుల మీద కాల్చినా పొడిపొడిగానే ఉంటుంది. అందుకే ఇక్కడ మాంసం గురించే ఎక్కువ చెప్తున్నాను.

ఇంకో మాట. థాయ్ రెస్టారెంట్లలో వేరుశెనగ సాస్‌తో, పసుపు రంగులో వచ్చే పుల్లలు మూ పింగ్ కావు, అవి సతే. సతేలో పసుపు, కర్రీ పౌడర్, నిమ్మగడ్డి ఉంటాయి. పక్కన దోసకాయ, ఉల్లిపాయ వేసిన పులుపు నీళ్లు ఇస్తారు. ఆ రుచే మీ మనసులో ఉంటే ఇక్కడ చెప్పే మసాలా మీకు పనికిరాదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కొవ్వు. పుల్ల మీద ముక్క మందం అయిదు మిల్లీమీటర్లే. పంది మాంసాన్ని లోపలిదాకా ఉడికించాల్సిందే, ముఖ్యంగా మన దేశంలో బద్దె పురుగు భయం ఉంది కాబట్టి. అమెరికా వ్యవసాయ శాఖ కైమా కాని పంది మాంసానికి 63 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆ తర్వాత మూడు నిమిషాలు పక్కన పెట్టడం చాలంటుంది. కైమాకైతే 71 డిగ్రీలు. కానీ ఇంత పలచని ముక్కల్ని పొయ్యి మీద సరిగ్గా 63 దగ్గర ఆపడం ఇంట్లో కుదిరే పని కాదు. ఎలాగూ 71 దాటుతుంది, దాటడమే మంచిది కూడా. కాబట్టి ఆ వేడికి కూడా ఎండిపోని ముక్క కావాలి.

తీపి. మూ పింగ్ మసాలాలో బెల్లం బాగానే పడుతుంది. పెద్ద మంట తగిలితే బెల్లం నిమిషాల్లో మాడి చేదెక్కుతుంది, అప్పటికి లోపలి మాంసం ఇంకా పచ్చిగానే ఉంటుంది. సన్న సెగ నిలకడగా ఇచ్చే పొయ్యి ఏదైనా మంచిదే.

పొగ. మాంసం కొవ్వు, కొబ్బరి పాలు బొట్టుబొట్టుగా నిప్పుల మీద పడి లేచే పొగే ఈ పుల్లలకు సగం వాసన. అదే పొగ అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లతో గొడవ తెస్తుంది. మీకు ఎంత పొగ కావాలి, మీ ఇల్లు ఎంత పొగ భరిస్తుంది అన్నది మీరే తేల్చుకోవాలి.

సమయం. కోయడం, గుచ్చడం కలిపి అర కిలోకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఊరబెట్టడానికి కనీసం నాలుగు గంటలు. ఆఫీసు నుంచి వచ్చి అప్పటికప్పుడు చేసే వంట కాదిది. ముందు రోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మర్నాడు పని తేలిక.

## ఏ భాగం కొనాలి

### మెడ మాంసం

దొరికితే ఇంకేమీ ఆలోచించకండి. మెడ వెనక నుంచి భుజం మొదలు దాకా ఉండే ఈ కండలో కొవ్వు పైన ఒక పొరగా కాకుండా సన్నటి గీతల్లా లోపలంతా అల్లుకుని ఉంటుంది. కాలేటప్పుడు ఆ కొవ్వు కరిగి మాంసాన్ని లోపలి నుంచి తడిపి ఉంచుతుంది. అయిదారు నిమిషాలు ఎక్కువ కాలినా పాడవదు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి ముక్క లేదు. థాయ్‌లాండ్‌లో దీన్ని సన్ ఖో అంటారు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు కాలర్ అని, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు పోర్క్ స్కాచ్ ఫిలే అని అడిగితే ఇదే ఇస్తారు.

ఇబ్బంది ఒక్కటే, మన దగ్గర దొరకడం. ఆంధ్ర, తెలంగాణల్లో పోర్క్ అమ్మే దుకాణాలే తక్కువ, వాటిలో భాగాల వారీగా అమ్మేవి ఇంకా తక్కువ. చాలాచోట్ల ఎముకతో, తోలుతో కలిపి కర్రీ కట్ కొట్టి ఇస్తారు. ఆ చిన్న ముక్కలు పుల్లలకు పనికిరావు. ముందు రోజే ఫోన్ చేసి, మెడ దగ్గరి మాంసం, ఎముక తీసి, కొట్టకుండా ఒకే ముద్దగా కావాలని చెప్పి పెట్టుకోవడం మేలు.

### భుజం

మెడ దొరకని చోట భుజం. అమెరికాలో బోస్టన్ బట్ పేరుతో ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ దొరికేది ముందు కాలి పైభాగమే. మెడ కండ కొంత అందులోనే కలిసి వస్తుంది కాబట్టి అక్కడి తెలుగువాళ్లకు ఇదే సులువు, చవక కూడా. కొవ్వు సరిపడా ఉంటుంది. కాకపోతే కండల మధ్య గట్టి తెల్ల పొరలు ఉంటాయి. గంటల తరబడి ఉడికే కూరలో అవి కరిగిపోతాయి. పది నిమిషాల్లో కాలే పుల్ల మీద కరగవు, నోట్లో రబ్బరులా సాగుతాయి. కత్తి మొనతో ఆ పొరలు తీసేయడానికి ఇంకో పావుగంట పడుతుంది. ఆ ఓపిక ఉంటే మెడకూ భుజానికీ తేడా తినేవాళ్లకు పెద్దగా తెలియదు.

### తొడ, విడిగా కొవ్వు

ఇది చాలామందికి తట్టని దారి. తొడ మాంసం ఎక్కడైనా దొరుకుతుంది, శుభ్రంగా ఉంటుంది, పలచగా కోయడం తేలిక. కానీ కొవ్వు లేదు. బ్యాంకాక్‌లో బండి మీద కొన్న పుల్లను గమనిస్తే చిట్టచివర గానీ మాంసం మధ్యలో గానీ ఒక చిన్న తెల్లటి కొవ్వు ముక్క కనిపిస్తుంది. కాలేటప్పుడు అది కరిగి పుల్ల పొడవునా కారుతుంది. ఇంట్లోనూ అదే చేయొచ్చు. అర కిలో తొడ మాంసానికి 75 నుంచి 100 గ్రాముల కొవ్వు విడిగా అడిగి తీసుకుని, వేలి గోరంత ముక్కలు కోసి, పుల్లకు రెండేసి గుచ్చాలి. మెడంత మెత్తగా రాదు గానీ చిన్న ఊళ్లో ఉన్నవాళ్లకు ఇదే ఎక్కువ అందుబాటులో ఉండే పద్ధతి.

### బెల్లీ

పంది పొట్ట దగ్గరి ఈ మాంసం పొరలు పొరలుగా అందంగా ఉంటుంది కాబట్టి చూడగానే కొనాలనిపిస్తుంది. కానీ ఒక్క బెల్లీతోనే చేయమని నేను చెప్పను. కొవ్వు సగం దాకా ఉంటుంది. బొగ్గుల మీద అయితే ఆ కొవ్వు ధారగా కారి మంటలు లేచి పైన మసి పడుతుంది. పది నిమిషాల్లో ఆ కొవ్వంతా కరగదు కూడా, నమిలేటప్పుడు జారుడుగా తగులుతుంది. తొడ మాంసం మూడు వంతులకు బెల్లీ ఒక వంతు కలిపి గుచ్చితే మాత్రం రెండింటి లోపాలూ తీరిపోతాయి.

### లాయిన్

వెన్ను పక్కన ఉండే ఈ మాంసంలో కొవ్వు చాలా తక్కువ. ఆరోగ్యం కోసం ఇదే తింటాం అనేవాళ్లు అర కిలోకు పావు టీస్పూన్ వంట సోడా, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ మసాలాలో కలపాలి. సోడా వల్ల మాంసం నీటిని పట్టి ఉంచుకుంటుంది. అంతకు మించి వేస్తే సబ్బు వాసన వస్తుంది. ఉడికిన నిమిషానికే దించేయాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మెడ ముక్క రుచి దీనికి రాదు.

కబాబ్‌లకు మన ఇళ్లలో వాడే పచ్చి బొప్పాయి దీనికీ వేద్దామా అని అడుగుతుంటారు. వద్దు. ఇంత పలచని ముక్కలు బొప్పాయిలో రాత్రంతా ఉంటే పిండిలా అయిపోతాయి. మూ పింగ్ కొంచెం నమలాలి, అందులోనే దాని సొగసు ఉంది.

### ఇంట్లో పోర్క్ తినని వాళ్లుంటే

కోడి తొడ మాంసం, ఎముక తీసి, తోలు ఉంచి. థాయ్‌లాండ్‌లో అదే బండ్ల మీద గై పింగ్ పేరుతో కోడి పుల్లలు కూడా అమ్ముతారు కాబట్టి ఇది మనం కనిపెట్టిన సర్దుబాటు కాదు. అదే మసాలా సరిపోతుంది. 74 డిగ్రీల దాకా ఉడకాలి. రొమ్ము ముక్కలు మాత్రం వద్దు. పోర్క్ ముట్టని వాళ్ల కోసం చేస్తున్నప్పుడు పళ్లేలు, కత్తులు, జాలీలు వేరుగా వాడండి, ముందుగా వాళ్లవే కాల్చండి.

### కోసే పద్ధతి

ఏ భాగం కొన్నా ఇది ఒకటే. ముద్దను 45 నిమిషాల నుంచి గంట దాకా ఫ్రీజర్‌లో పెడితే పైన బిగుసుకుంటుంది, కత్తి జారదు. పీచుకు అడ్డంగా, అయిదు మిల్లీమీటర్ల మందంలో, రెండు వేళ్ల వెడల్పున కోయాలి. గుచ్చేటప్పుడు ముక్కను కుట్టు వేసినట్టు రెండు మూడు చోట్ల పొడుస్తూ పుల్ల మీదికి లాగి, ముక్కకు ముక్క ఆనుకునేలా దగ్గరగా నొక్కాలి. ఖాళీలు వదిలితే అంచులు ఎండిపోతాయి. అర కిలోకు పన్నెండు నుంచి పద్నాలుగు పుల్లలు వస్తాయి. బొగ్గుల మీద కాల్చేట్టయితే పుల్లల్ని ముందు అరగంట నీళ్లలో నానబెట్టాలి.

## మసాలాలో ఎంచుకోవాల్సినవి

అర కిలో మాంసానికి నేను వేసే కొలత ఇది. కొత్తిమీర వేర్లు నాలుగు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, తెల్ల మిరియాలు ఒక టీస్పూన్. ఈ మూడింటినీ రోట్లో మెత్తగా దంచాలి. అందులో తురిమిన తాటి బెల్లం రెండు టేబుల్ స్పూన్లు, ఆయిస్టర్ సాస్ ఒకటిన్నర టేబుల్ స్పూన్, లైట్ సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్, ఫిష్ సాస్ రెండు టీస్పూన్లు, నూనె ఒక టేబుల్ స్పూన్, చిక్కటి కొబ్బరి పాలు నాలుగు టేబుల్ స్పూన్లు కలపాలి. పూయడానికి ఇంకో అర కప్పు కొబ్బరి పాలు వేరే గిన్నెలో ఉంచుకోవాలి. ఉప్పు విడిగా అక్కర్లేదు, మూడు సాసుల్లోనూ ఉంది.

కొత్తిమీర వేర్ల విషయంలో మనం అదృష్టవంతులం. విదేశాల్లో సూపర్‌మార్కెట్ కట్టల్లో వేర్లు కోసేసి అమ్ముతారు, అక్కడివాళ్లు కాడలతో సరిపెట్టుకోవాలి. మన రైతు బజార్లో కట్ట వేర్లతో, మట్టితో సహా వస్తుంది. ఇంటికి తేగానే వేర్లు కోసి చెత్తలో వేస్తాం. థాయ్ వంటకు ఆ వేరే ప్రాణం. ఆకులో లేని ఘాటు, మట్టి వాసన లాంటి ఒక లోతు అందులో ఉంటాయి. బాగా కడిగి, బ్రష్‌తో రుద్ది, డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి.

బెల్లం సంగతి. థాయ్‌లాండ్‌లో తాటి నీరా నుంచీ, కొబ్బరి నీరా నుంచీ తీసిన లేత రంగు బెల్లం వాడతారు. మన తాటి బెల్లం ఆ జాతిదే, కాకపోతే రంగు ముదురు, వాసన గాఢం. అదే కొలతలో వేయొచ్చు, పుల్లలు కొంచెం నల్లగా కనిపిస్తాయంతే. చెరుకు బెల్లం వేస్తే దాని వాసన ముందుకొచ్చి కూర్చుంటుంది. తాటి బెల్లం దొరక్కపోతే చెరుకు బెల్లం కన్నా బ్రౌన్ షుగర్ నయం.

కొబ్బరి పాలా, ఆవు పాలా? రెండూ థాయ్‌లాండ్‌లో ఉన్నవే. పాలు పోసి ఊరబెట్టిన రకాన్ని మూ పింగ్ నోమ్ సోత్ అని బోర్డు పెట్టి మరీ అమ్ముతారు. పాలతో మాంసం మెత్తగా, రుచి సౌమ్యంగా వస్తుంది, పిల్లలకు నచ్చుతుంది. కొబ్బరి పాలతో కాలిన అంచుల దగ్గర కమ్మని వాసన ఎక్కువ. బొగ్గుల మీద చేస్తే కొబ్బరి పాలే వాడండి. ఓవెన్‌లో అయితే ఊరబెట్టడానికి పాలు, పూయడానికి కొబ్బరి పాలు పెట్టుకున్నా బాగుంటుంది. ఇంట్లో తీసేట్టయితే నీళ్లు తక్కువ పోసి తీసిన తొలి పాలు మాత్రమే పనికొస్తాయి.

సోయా సాస్ కొనేటప్పుడు సీసా చూసుకోండి. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది నల్లటి డార్క్ సోయా. అది ఒక టేబుల్ స్పూన్ పోస్తే మాంసం నల్లగా మారి మిగతా రుచుల్ని అణిచేస్తుంది. రంగు కోసం అర టీస్పూన్ చాలు. ఫిష్ సాస్ వాసన నచ్చనివాళ్లు దాన్ని మానేసి లైట్ సోయా ఇంకో రెండు టీస్పూన్లు పెంచుకోవచ్చు. కాలిన తర్వాత ఆ వాసన ఉండదు, రుచి మాత్రమే మిగులుతుంది కాబట్టి ఒకసారి వేసి చూడమనే నా సలహా.

## ఏ సెగ మీద కాల్చాలి

| పొయ్యి | పొగ వాసన | సెగ అదుపు | పట్టే సమయం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| బొగ్గుల కుంపటి లేదా బార్బెక్యూ | నిండుగా | అలవాటు కావాలి | నిప్పులు సిద్ధం కావడానికి 30 నుంచి 40 నిమిషాలు, కాల్చడానికి 10 నుంచి 12 | ఆరుబయట మాత్రమే |
| ఇనప పెనం, గ్రిల్ పాన్ | కొంచెం | బాగుంటుంది | విడతకు 10 నుంచి 12 నిమిషాలు | ఒకసారికి అయిదారు పుల్లలే |
| ఓవెన్, ఓటీజీ | లేదు | చాలా బాగుంటుంది | 14 నుంచి 18 నిమిషాలు | చివర్లో కాపలా ఉండాలి |
| ఎయిర్ ఫ్రయర్ | లేదు | చాలా బాగుంటుంది | 10 నుంచి 12 నిమిషాలు | పొట్టి పుల్లలు, చిన్న బుట్ట |

బొగ్గులు. అసలు రుచి ఇక్కడే ఉంది, అందులో అనుమానం లేదు. బొగ్గులు ఎర్రగా మండుతున్నప్పుడు పుల్లలు పెట్టేయాలన్న తొందరే చాలామందిని దెబ్బతీస్తుంది. మూ పింగ్‌కు కావాల్సింది నివురు కప్పిన నిప్పు. బొగ్గుల మీద బూడిద తెల్లగా పరుచుకుని, జాలీ ఎత్తులో అరచెయ్యి పెడితే అయిదారు సెకన్లు ఓర్చుకోగలిగేంత సెగ ఉంటే సరైన సమయం. ప్రతి నిమిషానికీ తిప్పుతుండాలి. రెండోసారి తిప్పినప్పటి నుంచి కొబ్బరి పాలు పూస్తుండాలి. ఆ పాలు పైభాగాన్ని చల్లబరిచి బెల్లం మాడకుండా కాపాడతాయి, నెమ్మదిగా ఇంకుతూ బంగారు రంగు పొర కడతాయి. బ్రష్ పచ్చి మాంసానికి తగులుతుంది కాబట్టి చివరి రెండు నిమిషాల్లో పూయడం ఆపేయండి, గిన్నెలో మిగిలిన పాలు పారబోయండి. పుల్లల కొసలు కాలకుండా జాలీ అంచుకు అల్యూమినియం ఫాయిల్ మడిచి పెట్టండి.

ఒక విషయంలో మాత్రం రాజీ లేదు. బొగ్గుల కుంపటిని గదిలో గానీ, అద్దాలు మూసిన బాల్కనీలో గానీ పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. డాబా మీదో, పెరట్లోనో మాత్రమే.

ఇనప పెనం. మన దోసె పెనమే చాలు. సన్న మంట మీద వేడెక్కించి, నూనె రాసి, పుల్లల్ని పరిచి నాలుగు వైపులా తిప్పుతూ కాల్చాలి. మాంసం పెనానికి నేరుగా తగులుతుంది కాబట్టి రంగు బాగా వస్తుంది. గ్రిల్ పాన్ గీతలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఈ పలచని ముక్కలకు చదునైన పెనమే నయం. కొబ్బరి పాలు పెనం మీద పడి మాడుతుంటాయి, విడతకోసారి తుడవాలి. నలుగురి కంటే ఎక్కువమందికి చేస్తే విసుగొస్తుంది.

ఓవెన్. ఎక్కువ పుల్లలు ఒకేసారి చేయాలంటే దీనికి సాటి లేదు. ట్రేలో ఫాయిల్ పరిచి, పైన జాలీ పెట్టి, పుల్లల్ని జాలీ మీద ఉంచాలి. 200 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి కొబ్బరి పాలు పూయాలి. తర్వాత పై రాడ్ మాత్రం ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు. ఈ చివరి అంకంలో ఫోన్ చూస్తూ కూర్చోవద్దు, ముప్పై సెకన్లలో మాడిపోతాయి. అమెరికా అపార్ట్‌మెంట్లలో పొగ అలారం టెన్షన్ ఉన్నవాళ్లు కింది ట్రేలో అర కప్పు నీళ్లు పోయండి. కారిన కొవ్వు కాలి పొగ రాకుండా ఉంటుంది.

ఎయిర్ ఫ్రయర్. 190 డిగ్రీలు, 10 నుంచి 12 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు తిప్పి పాలు పూయడం. గాలి వేగం వల్ల పైభాగం త్వరగా ఆరుతుంది. లాయిన్ ముక్కలు ఇందులో పెడితే చెక్కలా అవుతాయి, మెడ ముక్కలు చక్కగా వస్తాయి. ఒకరిద్దరికి ఇంతకన్నా సులువు లేదు.

పొగ వాసన లేదే అని బాధపడేవాళ్లకు మన వంటింట్లోనే ఒక ఉపాయం ఉంది. బిర్యానీకి, కబాబ్‌లకు బొగ్గు పొగ పట్టిస్తాం కదా, అదే. కాలిన పుల్లల్ని గిన్నెలో పేర్చి, మధ్యలో చిన్న స్టీలు కప్పులో ఎర్రగా కాల్చిన ఒక్క బొగ్గు ముక్క పెట్టి, నెయ్యికి బదులు ట్రేలో కారిన కొవ్వు అర స్పూన్ వేసి, మూడు నిమిషాలు మూత పెట్టాలి. కిటికీలు తెరిచి చేయండి. బొగ్గుల మీద చేసినంత రాదు, కానీ ఓవెన్ పుల్లకూ దీనికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

## మీ సంగతేమిటి

హైదరాబాద్ లాంటి ఊళ్లో ఫ్లాట్‌లో ఉంటూ, ఇద్దరు ముగ్గురికి చేసుకునేవాళ్లకు నేను చెప్పేది మెడ ముక్క, దోసె పెనం, చివర్లో బొగ్గు పొగ. ఎయిర్ ఫ్రయర్ ఇప్పటికే ఉంటే అది వాడండి, దీని కోసం కొత్తగా కొనాల్సిన పని లేదు.

సొంత ఇల్లు, డాబా ఉండి, ఆదివారం నలుగురు స్నేహితులు వచ్చేట్టయితే బొగ్గులే. మాంసం విషయంలో మాత్రం తొడ, విడిగా కొవ్వు పద్ధతి పార్టీకి బాగుంటుంది. ఎక్కువ మొత్తంలో దొరుకుతుంది, ఖర్చు తక్కువ, ముక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి. కాల్చే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. చేతులు మారితే తిప్పడం మరిచిపోతారు.

అమెరికాలోనో యూరప్‌లోనో చదువుకుంటూ గది పంచుకుని ఉండేవాళ్లకు భుజం, ఓవెన్. ఆసియా సరుకుల కొట్లో ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్, డబ్బా కొబ్బరి పాలు, థాయ్ తాటి బెల్లం అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వేర్లు దొరక్కపోతే కొత్తిమీర కాడలు రెట్టింపు వేయండి.

కొవ్వు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు లాయిన్‌తో కుస్తీ పట్టడం కన్నా తోలు తీసిన కోడి తొడలతో గై పింగ్ చేసుకోవడం మేలని నా నమ్మకం. ఈ పుల్లల్లో ఉప్పు, తీపి రెండూ ఎక్కువే కాబట్టి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రెండు పుల్లలతో సరిపెట్టుకోవాలి.

## పక్కన ఏం పెట్టాలి

బంక అన్నం లేకుండా మూ పింగ్ తినొచ్చు గానీ, ఒకసారి దానితో తింటే మళ్లీ మామూలు అన్నం జోలికి పోరు. థాయ్ బంక బియ్యం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అస్సాం బోరా బియ్యం కూడా అదే స్వభావం కలది, బాగా కుదురుతుంది. కనీసం నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్లెం మీద తడి గుడ్డ పరిచి, 20 నుంచి 25 నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. నీళ్లు పోసి కుక్కర్‌లో పెడితే జావలా అవుతుంది. అంత తీరిక లేకపోతే సోనా మసూరిని ఒక అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండుకోండి.

నంజుకోవడానికి ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఈసాన్ ప్రాంతపు జేవ్ పచ్చడి. పొద్దుటి టిఫిన్‌గా తినేవాళ్లు చాలామంది పుల్లనూ అన్నాన్నీ ఇంకేమీ లేకుండానే తింటారు. మన నాలుకకు మాత్రం కారం, పులుపు కావాలి. చింతపండు గుజ్జు, ఫిష్ సాస్ రెండేసి టేబుల్ స్పూన్లు, తాటి బెల్లం ఒక టేబుల్ స్పూన్, వేయించి గింజలతో దంచిన ఎండు మిర్చి ఒక టీస్పూన్, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. చివరగా నూనె లేకుండా ఎర్రగా వేయించి రవ్వలా పట్టిన బియ్యం ఒక టేబుల్ స్పూన్. ఈ బియ్యం పొడిని వడ్డించే ముందే కలపాలి, ముందుగా వేస్తే నాని పచ్చడి గడ్డకడుతుంది.

మిగిలిపోతాయని తక్కువ చేయకండి. గుచ్చిన పచ్చి పుల్లల్ని ఒకదానికొకటి అంటుకోకుండా ట్రేలో గడ్డకట్టించి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి. కాల్చే ముందు రోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి, బయట పెట్టి కరిగించొద్దు. కాల్చినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తాయి. వాటిని మైక్రోవేవ్‌లో పెడితే గట్టిపడతాయి. పెనం మీద రెండు స్పూన్ల కొబ్బరి పాలు చిలకరించి, మూత పెట్టి, సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచితే మళ్లీ మెత్తబడతాయి.